ఖతీఫ్ తీరంలో తలుపు తీసిన దడి

సౌదీ అరేబియాలో నది అనేది లేదు. వానొచ్చినప్పుడు పారి, మర్నాటికి ఇసుకలో ఇంకిపోయే వాగులే ఉన్నాయి. అలాంటి దేశంలో చేపల విందుకని రియాద్ నుంచి తూర్పు తీరానికి వెళ్తున్నానని ఫోన్‌లో చెప్తే, కాకినాడలో ఉన్న మా పెద్దమ్మ నమ్మలేదు. "ఎడారిలో చేపలేంటే? నిన్నెవరో ఆటపట్టిస్తున్నారు," అంది. సౌదీకి తూర్పున ఒక సముద్రం, పడమట ఒక సముద్రం ఉన్నాయని ఎంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. ఇది చదివే మీలో కూడా చాలామందికి సౌదీ అంటే ఇసుక, ఒంటె, పెట్రోలు, ఇకామా కార్డు తప్ప ఇంకేమీ తట్టకపోవచ్చు. అక్కడే కొన్నేళ్ళుగా ఉంటున్న నాకూ మొన్నటిదాకా అంతే.

నేను రియాద్‌లో పళ్ళ డాక్టర్ని. మా ఆస్పత్రిలో కట్టుడు పళ్ళు తయారుచేసే అమ్మాయి జహ్రా. ఆమె ఊరు ఖతీఫ్, ఖర్జూర తోటలూ చేపల పడవలూ ఉన్న పాత పట్నం. మధ్యాహ్నం డబ్బాలు పంచుకోవడంతో మా స్నేహం మొదలైంది. నా పులిహోర ఆమెకి, ఆమె ఎండు నిమ్మకాయలు వేసి వండిన కూర నాకు. ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు, "మా ముత్తాత పేరు మీద ఏటా ఒక సాయంత్రం ఊరివాళ్ళకి భోజనాలు పెడతాం. ఈసారి నువ్వు తప్పకుండా రావాలి. మనుషులు కావాలి," అంది. మనుషులు కావాలంటే వడ్డనకేమో అనుకున్నాను. సముద్రం పక్కన ఊరు, నీళ్ళలో పాతి చేపలు పట్టే దడి ఉన్న కుటుంబం. విందులో చేప ఉంటుందా అని అడగాల్సిన అవసరమే నాకు కనిపించలేదు.

అరవని రైలు

రియాద్ నుంచి దమ్మాం వెళ్ళే రైలు శుభ్రంగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, చెప్పిన సమయానికే కదులుతుంది. ఒక్కటే లోటు, ఇడ్లీ వడ అని అరుచుకుంటూ ఎవరూ రారు. సామర్లకోట స్టేషన్‌లో రైళ్ళెక్కుతూ పెరిగిన ప్రాణం కదా, నాకు ఆ నిశ్శబ్దం మింగుడు పడదు. కిటికీలోంచి చూస్తే ఇసుక, కాసేపటికి కొంచెం ఎర్రటి ఇసుక, మధ్యలో ఒంటెల మంద. మా ఆయన డ్యూటీ అని తప్పించుకున్నాడు. జహ్రా నా పక్కన కూర్చుని ఫోన్‌లో వాళ్ళమ్మతో బియ్యం గురించి మాట్లాడుతూనే ఉంది.

ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ సంచీలోంచి ఫ్లాస్కు తీసి, యాలకుల వాసన కొట్టే గహ్వా అనే అరబ్బీ కాఫీ చిన్న కప్పులో పోసి నా చేతిలో పెట్టింది. దాంతోపాటు ఖర్జూరాలు. ఆ తర్వాత వరసగా పెళ్ళయిందా, పిల్లలెందరు, మొగుడేం చేస్తాడు, అత్తగారు బతికుందా. జహ్రా తర్జుమా చేయలేక తల పట్టుకుంది. నాకు మాత్రం హాయిగా అనిపించింది. ఇంతసేపటికి ఇది రైలు ప్రయాణంలా ఉంది.

ఖతీఫ్ చేపల బజారు

దమ్మాంలో దిగి కారు అద్దెకి తీసుకున్నాం, అక్కడి నుంచి ఖతీఫ్ దగ్గరే. రోడ్డుకి ఒక పక్క కొత్త మేడలు, వాటి సందుల్లో ఖర్జూర తోటలు. ఒకప్పుడు ఇక్కడ ఊటబావులు పొంగి కాలవలై పారేవట. ఇప్పుడు చాలా వరకు ఎండిపోయాయని చెప్తూ జహ్రా బజారు ముందు కారు ఆపింది. ఆమెకి మళ్ళీ ఫోన్ వచ్చింది. "నువ్వు చూసి రా, నేను కార్లోనే ఉంటాను," అంది.

నన్ను చేపల బజార్లో ఒంటరిగా వదలకూడదు. ఆ సంగతి ఆమెకి తెలియదు. వరసలు వరసలుగా బల్లలు, ఐసు మీద రొయ్యలు, పీతలు, హమూర్లు, అరచెయ్యంత సాఫీలు. సాఫీ అంటే ఇక్కడివాళ్ళు ప్రాణం పెట్టే చేప. పలచగా, బూడిద రంగులో, వీపు మీద గుచ్చుకునే ముళ్ళతో ఉంటుంది. ధర వింటే మా ఊళ్ళో వంజరం గుర్తొచ్చి గుండె గుభేలుమంది. అయినా భోజనాలకి పిలిచినవాళ్ళింటికి చేతులూపుకుంటూ ఎలా వెళ్తాం? మా గోదావరి జిల్లాల్లో చేప కొనడమంటే పొట్ట నొక్కి చూడటమే. లోపల జన ఉందా లేదా? ఆ గుడ్ల కోసం ఇంట్లో కొట్టుకుంటాం. బల్ల వెనక బంగ్లాదేశ్ కుర్రాడు నా పద్ధతి చూసి నవ్వి, "మేడమ్, అండేవాలా చాహియే?" అన్నాడు. అవునన్నాను. ఇద్దరం కలిసి ఒక్కొక్కటే ఏరాం. పొట్టలు ఉబ్బిపోయిన సాఫీలు ఒక సంచీడు. నా ఎంపికకి నేనే మురిసిపోతూ కారెక్కి సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

హాజీ తోట

జహ్రా వాళ్ళ నాన్నని ఊరంతా హాజీ అనే పిలుస్తుంది. వాళ్ళమ్మ ఉమ్ జకీ, అంటే జకీ వాళ్ళమ్మ. పెద్దకొడుకు పేరుతో పిలవడం ఇక్కడి మర్యాద. మా వీధిలోనూ ఎవరినీ అసలు పేరుతో పిలిచిన గుర్తు నాకు లేదు, అందరూ బుజ్జి వాళ్ళమ్మలూ పండు వాళ్ళమ్మలే. ఉమ్ జకీ నన్ను రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకుని, సంచీ అందుకుని, వంటింట్లోకి తీసుకెళ్ళి విప్పింది.

విప్పి, అలాగే నిలబడిపోయింది. ఒక చేప పొట్ట మీద వేలు పెట్టి చూసింది. జహ్రా వైపు చూసింది. జహ్రా నా వైపు చూసింది. ఏదో ఘోరం చేశానని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియదు. చేప పాడైందా? ముట్టుకోకూడని చేపా?

అప్పుడు చెప్పింది జహ్రా, ముందే చెప్పి ఉండాల్సిన కథ.

హాజీ తాతగారు ముత్యాల పడవల మీద వెళ్ళి, తుపానులో చిక్కుకుని, ప్రాణాలతో తిరిగొచ్చారట. ఆ మొక్కుగా తీరంలో ఉన్న తన చేపల దడిని వక్ఫ్ చేశారు. అంటే అది ఇక దేవుడి సొత్తు, కుటుంబం కేవలం కాపలా. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తను తిరిగొచ్చిన రోజున, ఏటా, ఈ దడిలో పడిన చేపతో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టాలి. ఆ రోజు హజ్‌కి ముందు నెలలో వస్తుంది. వాళ్ళది పూర్తిగా చంద్రుడి లెక్క. మనకి అధిక మాసం వచ్చి పండగల్ని మళ్ళీ రుతువులో కూర్చోబెడుతుంది. వాళ్ళకి అది లేదు. అందుకని ఆ విందు రోజు ఏటేటా కొంచెం ముందుకు జరుగుతూ కాలాలన్నీ చుట్టి వస్తుంది. కొన్నేళ్ళ క్రితం అది సాఫీలు గుడ్లు పెట్టే కాలంలోకి వచ్చింది. ఇంకా కొన్నేళ్ళు అందులోనే ఉంటుంది.

"తాతగారి కాలంలో ఇలా వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. సముద్రం నిండా చేపలుండేవి. ఇప్పుడు లేవు," అంది జహ్రా. "పోయినేడు విందు చేపలు కోస్తుంటే ప్రతి పొట్టలోనూ గుడ్లే. నాన్న ఆ రోజు ఒక్క ముద్ద తినలేదు."

ఈ ఏడు హాజీ మసీదు షేక్ గారిని అడిగారు. ఆయన బాగా ఆలోచించి, గుడ్ల కాలమంతా దడి తలుపు తీసేయవచ్చు, విందు చేప లేకుండానే పెట్టవచ్చు అన్నారు. బజారు చేప కొనడం షరతు కాదు, పైగా అదీ గుడ్ల చేపే. కాబట్టి వట్టి అన్నం. హాజీ ఒప్పుకున్నారు గానీ, ఒక భయం పట్టుకుంది. చేప లేదని తెలిస్తే ఎవరైనా వస్తారా? కొన్నేళ్ళు వరసగా ఎవరూ రాకపోతే ఊరు ఆ సాయంత్రాన్నే మర్చిపోతుంది. తాత అప్పగించినది తన చేతుల్లో ఆగిపోతుంది. అందుకే ఆ రోజు మనుషులు కావాలి అంది జహ్రా. అలాంటి ఇంటికి నేను ఏరి ఏరి గుడ్ల సాఫీలు తెచ్చాను.

నేలలోకి కుంగిపోతానేమో అనిపించింది. ఉమ్ జకీ నా మొహం చూసి ఫక్కున నవ్వింది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. తర్వాత కిటికీలోంచి తోటలోకి, "మల్లేశ్!" అని కేకేసింది.

వచ్చినతను నడివయసు మనిషి, తలకి తువ్వాలు, చేతిలో కొడవలి. నన్ను చూడగానే, "తెలుగోళ్ళా అక్కా? దండాలు. మాది నిర్మల్ దిక్కు," అన్నాడు. తోటపని వీసా మీద వచ్చి చాలా ఏళ్ళుగా హాజీ దగ్గరే ఉన్నాడు. దడి పని కూడా చూస్తాడు. విషయం విని సంచీలోకి తొంగి చూశాడు.

"అరె, మంచిగ ఏరినవ్ అక్కా. ఒక్కటి గూడ ఖాళీ లేదు."

"ఇంకా ఏడిపించకండి మల్లేశ్ గారూ. ఇప్పుడు వీటినేం చెయ్యాలి?"

"సచ్చిన చేప మళ్ళ ఈదుతదా? పారేస్తె ఇంకింత పాపం. నేను వండుకుంట తియ్యి. ఆ పాపం నా ఖాతల రాసుకుంట."

ఆ రాత్రికి ఆయన గదిలోంచి చింతపండు పులుసు వాసన తోటంతా కమ్మేసింది. హాజీ ఇంట్లో నాకు ముహమ్మర్ పెట్టారు, ఖర్జూరపు పాకంతో వండిన ఎర్రటి తియ్యన్నం. దీన్ని మామూలుగా వేయించిన సాఫీతో తింటారట. తియ్యన్నంలో చేపా అని మొదట మొహం చిట్లించినదాన్ని, చేప లేకపోయేసరికి నా బ్యాగులోని ఆవకాయ తీసి నంజుకున్నాను. ఉమ్ జకీ కూడా కొంచెం వేసుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వేసుకుంది.

భోజనాల మధ్యలో హాజీ పినతండ్రి కొడుకు అబూ నాసిర్ వచ్చాడు. హాజీ దడికి పక్కనే ఇతని దడి. అది వక్ఫ్ కాదు, సొంతం, ఇల్లు గడిచేది దాని మీదే. కూర్చోమన్నా కూర్చోలేదు. "చేప లేని విందు పెడుతున్నావటగా. అన్నం తినడానికైతే ఎవరింట్లో వాళ్ళకి లేదా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే కోపం. "మా తాత కూడా కదా ఆయన. నాకు బాధగా ఉండదా?" అని వెళ్ళిపోయాడు. హాజీ పళ్ళెం పక్కకి జరిపారు.

నీళ్ళు తగ్గిన పొద్దున

శుక్రవారం తెల్లవారుతుండగా అందరం తీరానికి నడిచాం. అక్కడ సముద్రం కెరటాలతో కొట్టుకోదు, పళ్ళెంలో నీళ్ళలా వస్తుంది, పోతుంది. నీళ్ళు వెనక్కి తగ్గి, చాలా దూరం బురద మెరుస్తోంది. ఆ బురదలో ఖర్జూర మట్టల ఈనెలు వరసగా పాతి కట్టిన దడి. రెండు పొడవాటి చేతులు చాపి, చివర గుండ్రటి గది. పోటుకి ఒడ్డుకొచ్చిన చేప, ఆటుకి వెనక్కి పోతూ దడి వెంబడే నడిచి ఆ గదిలో చేరుతుంది. ఇక దారి తెలియదు. వలా గాలమూ అక్కర్లేదు. పక్కనే అబూ నాసిర్ దడి ఇనుప తీగతో మెరుస్తోంది. హాజీకి తీగ నచ్చదు. "తుప్పు పట్టి సముద్రంలోనే ఉండిపోతుంది. మట్ట అయితే కుళ్ళి సముద్రమే అవుతుంది," అంటారు.

నా చెప్పులు బురదలో దిగబడి ఒకటి ఊడిపోయింది. దాన్ని తీయబోయి నేనే కూర్చుండిపోయాను. మల్లేశ్ చెయ్యిచ్చి లేపుతూ, "కాకినాడ సముద్రం ముంగట పుట్టినవ్, గింత బురదకే పడితివా?" అన్నాడు. మాది రామారావుపేట, సముద్రానికి బస్సులో వెళ్ళాలి అని చెప్పుకోవాల్సి వచ్చింది.

గదిలో మోకాలి లోతు నీళ్ళు. అందులో సాఫీలు గుంపుగా, బరువుగా తిరుగుతున్నాయి. హాజీ దుస్తులు పైకి చెక్కుకుని దిగారు. డెబ్బై దాటిన మనిషి. సముద్రం వైపున్న చాప తలుపు ముడులు ఒక్కొక్కటే విప్పారు. మల్లేశ్ సాయం చేయబోతే వద్దన్నారు. చివరి ముడి దగ్గర చేతులు ఆగిపోయాయి. పెదవులు కదిలాయి. ఏమన్నారని తర్వాత జహ్రాని అడిగితే, "తాతా, నా మీద కోపం తెచ్చుకోకు" అన్నారని చెప్పింది.

తలుపు ఊడి వచ్చింది. చేపలు కదల్లేదు. దారి తెరిచి ఉన్నా గుండ్రంగా అక్కడక్కడే తిరుగుతున్నాయి. మల్లేశ్ వెనక నిలబడి అరచేతులతో నీళ్ళు తట్టాడు. ఒకటి పోయింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఒక్కసారిగా గది ఖాళీ అయిపోయింది. నేను చేపల్ని పళ్ళెంలోనే ఎక్కువ చూసినదాన్ని. అవి అలా వెళ్ళిపోతుంటే కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

హాజీ ఆ చాపని చుట్టి చంకలో పెట్టుకుని ఒడ్డుకి నడిచారు. ఆయన కొంచెం దూరం వెళ్ళాక మల్లేశ్ నా దగ్గరగా వచ్చి మెల్లగా, "మంచి పనే గని అక్కా, మళ్ళ నీళ్ళెక్కినప్పుడు ఇవి పక్క దడిల వడితే ఏంగావాలె?" అన్నాడు. నేను ఆ తీగ దడి వైపు చూశాను. ఆ మాట హాజీతో అనే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

మడ మొక్కలు

జుమా నమాజు అయ్యాక, ఎండ కొంచెం చల్లబడ్డాక, మసీదు నుంచి ఒక గుంపు ఉప్పునీటి కయ్య దగ్గరికి వచ్చింది. కోరంగిలో ఉన్నట్టే ఇక్కడా మడ అడవి ఉంది, దాన్ని గుర్మ్ అంటారు. మా కోరంగి మడ మనిషిని మింగేసేంత ఎత్తు. ఇది నడుమెత్తు. కానీ అవే గాలివేళ్ళు, అదే ఉప్పు బురద వాసన, అవే దోమలు. కళ్ళు మూసుకుంటే ఇల్లు చేరినట్టే. ఒకప్పుడు ఒడ్డు పొడుగునా ఉండేదట, పూడ్చుకుంటూ పోగా ముక్కలు ముక్కలుగా మిగిలింది. చేపపిల్లలు పెరిగేది ఈ వేళ్ళ మధ్యే అని ఇప్పుడు ఊరికి గుర్తొచ్చింది. శుక్రవారాలు మొక్కలు నాటుతున్నారు.

జుబైల్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మల్లేశ్ స్నేహితులు కూడా సెలవని వచ్చారు. జగిత్యాల వెల్డర్లు, ఒక మలయాళీ ఫిట్టరు, ఒక పాకిస్తానీ డ్రైవరు. ఎవరి దేవుడు వాళ్ళకి మనసులో, మొక్క మాత్రం అందరి చేతిలో. షేక్ గారిని తెల్ల గడ్డంతో ఊహించుకున్నాను. తీరా చూస్తే నలభై ఏళ్ళ మనిషి, తలపాగా తీసి కారులో పెట్టి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని గుంటలు తవ్వుతున్నాడు.

చేప లేకుండా విందు పెట్టొచ్చని ఎలా చెప్పగలిగారని అడిగాను. జహ్రా తర్జుమా చేసింది.

"వక్ఫ్ చేసినవాడి షరతు చాలా గట్టిది, ఊరికే దాటకూడదు. కానీ ఆ షరతే వక్ఫ్‌ని తినేస్తుంటే? చేపలే లేని దడి ఎవరికి అన్నం పెడుతుంది? ముందు దడిని బతికించుకోవాలి. మా పాత చట్టంలో బావికీ కాలవకీ కూడా హరీమ్ అని ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల ఎవరూ ఇంకో గుంట తవ్వకూడదు, ఏదీ కట్టకూడదు. నీటికి కూడా పరువుంటుందన్నమాట." అని, మల్లేశ్ వైపు చూసి నవ్వి, "అయినా ఈ తలనొప్పి నాకు కొత్త కాదు. మొదట తెచ్చిపెట్టింది ఇతనే. అడగండి," అన్నాడు.

మల్లేశ్ సిగ్గుపడ్డాడు. "మేం గంగపుత్రులం అక్కా. చెరువుల చేపలు వట్టుడే మా కులం పని. మా దిక్కు పట్టిన తొలి చేపను గంగమ్మకే ఇడుస్తం. ఇక్కడ కొత్తల దడిలకు దిగిన రోజు గదే అలవాటుల ఒకటి పట్టి నీళ్ళల ఇడిసిన. హాజీ సాబ్ చూసి మస్తు గరమైండు. అది దేవుని సొమ్మంట! ఆయన గూడ ఒక్కటి తీసుకోరాదంట! నాకేమెరుక? నేను గూడ దేవునికే ఇచ్చిన గద. ఇగ ఇద్దరం పోయి ఈ సాబ్ ముంగట గూసున్నం."

"ఏం తీర్పు చెప్పారు?"

"బజార్ల నించి ఇంకో చేప దెచ్చి బుట్టలెయ్యమన్నడు. తెచ్చి ఏసిన. గది గూడ గంగమ్మకే పోయింది అనుకున్న."

మల్లేశ్ ఆ మాటలే అరబ్బీలో చెప్పగానే షేక్ గారు తల ఊపాడు. "ఆ రోజు నేనూ గట్టిగా చెప్పలేకపోయాను. సముద్రానికి తిరిగి ఇచ్చిన చేప నష్టమా కాదా? ఇన్నేళ్ళకి హాజీ మళ్ళీ అదే ప్రశ్నతో వచ్చాడు." అంటూ ఇంకో మొక్క అందుకున్నాడు.

ఈ విందు రోజు తిరుగుతూ ఉండటం నీకు వింతగా లేదా అని మల్లేశ్‌ని అడిగాను. "వింతేంది? మా ఊళ్ళె పీర్ల పండుగ గిట్లనే తిరుగుతది. నేను చిన్నగున్నప్పుడు చలిల వస్తుండె, తర్వాత వానల వచ్చింది. పీర్లను ఊరంత ఎత్తుకుంటం గద," అన్నాడు. తెలుగు నేల మీదే పుట్టి పెరిగినా ఇది నాకు తెలియదు. ఇది తెలుసుకోవడానికి ఖతీఫ్ రావాల్సొచ్చింది.

మగ్రిబ్ తర్వాత

శనివారం పొద్దుటి నుంచీ పెద్ద పెద్ద గుండిగలు పొయ్యి మీద. ఉమ్ జకీ నన్ను ఉల్లిపాయలకి కూర్చోబెట్టింది. పళ్ళ డాక్టరు చెయ్యి కదా అని నమ్మింది పాపం, నేను తరిగినవి చూసి మళ్ళీ తనే తరిగింది. ఖర్జూరపు పాకం పొంగి తోటంతా బెల్లం వండినట్టు వాసన. మామిడికాయ అచార్, పెరుగు, ముల్లంగి ఆకులు. నా ఆవకాయ సీసా కూడా ఒక మూల చేరింది. మగవాళ్ళకి ఖర్జూర చెట్ల కింద తివాచీలు, ఆడవాళ్ళకి వరండా. అక్కడి నుంచి తోట అంతా కనిపిస్తుంది.

పొద్దు వాలింది. మగ్రిబ్ నమాజు అయింది. హాజీ ఉతికిన తెల్ల దుస్తుల్లో గుమ్మం దగ్గర నిలబడ్డారు. షేక్ గారు వచ్చారు, మసీదులో బాంగు చెప్పే ముసలాయన వచ్చాడు, మల్లేశ్, అతని స్నేహితులు. వరండాలో చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు కొందరు. అంతే. తివాచీలన్నీ ఖాళీ.

ఉమ్ జకీ గుండిగ మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. "ఏటా ఈపాటికి నిలబడటానికి చోటుండదు," అంది జహ్రా. హాజీ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వీధి వైపే చూస్తూ నిలబడ్డారు. అంత పెద్దమనిషి అలా ఎదురుచూడటం నేను చూడలేకపోయాను. మనసులో ఆ ఊరినంతా తిట్టుకున్నాను. ఒక్క చేపముక్క కోసం మానేస్తారా మనుషులు?

అప్పుడు వీధి మలుపులో మాటలు వినిపించాయి. పదిమంది కాదు, ఇంకా చాలామంది. ముందు అబూ నాసిర్ నడుస్తున్నాడు. దుస్తులు నడుముకి చెక్కి ఉన్నాయి, మోకాళ్ళ దాకా బురద, భుజం మీద నీళ్ళు కారుతున్న తీగ తలుపు. వెనకవాళ్ళవీ బురద కాళ్ళే. వాళ్ళలోనూ కొందరి చేతుల్లో తలుపులున్నాయి.

హాజీ గుమ్మం దిగి ఎదురెళ్ళారు. "ఏంటిది?" అన్నారు. జహ్రా నా చెవిలో చెప్పడం మొదలుపెట్టింది.

"నా దడి తలుపు," అన్నాడు అబూ నాసిర్.

"నీ దడికి తాత షరతు లేదు కదా. నీ పిల్లలు దాని మీదే బతుకుతున్నారు. నిన్ను నేను అడగలేదు."

"అడగలేదు. పొద్దున నీళ్ళు తగ్గాక వెళ్ళి చూశాను. గది నిండా సాఫీలు. ఎన్నో ఏళ్ళుగా అన్ని చూడలేదు. సంతోషంతో బుట్ట తీశాను. ఒక చేపని చేతిలోకి తీసుకున్నాక తట్టింది, ఇవన్నీ నువ్వు నిన్న వదిలినవే." అతను భుజం మీది తలుపు సర్దుకున్నాడు. "దేవుడి కోసం నువ్వు వదిలినవాటిని నేను బజారుకి పంపి, మళ్ళీ నీ పక్కన నమాజుకి ఎలా నిలబడను?"

"మరి వాటినేం చేశావు?"

"ఇప్పుడే సముద్రంలోకి పంపించి వస్తున్నాను. పొద్దున మనసు తేల్చుకునేసరికి నీళ్ళెక్కేశాయి, సాయంత్రం మళ్ళీ తగ్గేదాకా ఆగాల్సొచ్చింది, అందుకే ఆలస్యమైంది. నేను తీస్తుంటే అటు పక్క దడులున్న వీళ్ళూ చూసి వాళ్ళవీ తీశారు."

జహ్రా ఇక చెప్పలేకపోయింది. చెప్పాల్సిన పనీ లేదు. నేనూ ఏడుస్తూనే ఉన్నాను. వరండాలోంచి ఉమ్ జకీ ఒక్క కేక వేసింది. "అన్నం చల్లారిపోతోంది. కాళ్ళు తర్వాత కడుక్కోవచ్చు, ముందు కూర్చోండి!"

అందరూ కూర్చున్నారు. తివాచీలు బురదయ్యాయి. పళ్ళేలు వచ్చాయి, ఎర్రటి అన్నం పొగలు కక్కుతూ, మీద ఏమీ లేకుండా. హాజీ మాత్రం కూర్చోలేదు. అబూ నాసిర్ భుజం మీది తలుపు దించి చెట్టుకి ఆనించారు. అతని నుదుటి మీద ముద్దుపెట్టుకున్నారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి షేక్ గారి పక్కన కూర్చోబెట్టారు. పళ్ళెంలోంచి మొదటి ముద్ద తీసి, తన చేత్తో అతని నోట్లో పెట్టారు.